పక్షవాతానికి ఆక్యుపంక్చర్: ఏ గంటకు, ఏ నెలకు?

వాట్సాప్‌లో ఒక మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతోంది. మీకూ వచ్చే ఉంటుంది. ఎవరికైనా పక్షవాతం వస్తే ఉన్నచోటు నుంచి కదిలించొద్దట, కదిలిస్తే మెదడులో సన్న రక్తనాళాలు చిట్లుతాయట. బట్టలు కుట్టే సూదిని మంట మీద కాల్చి, పది వేళ్ల కొసలూ గుచ్చి, ఒక్కో వేలి నుంచి చుక్క రక్తం వచ్చేదాకా ఒత్తాలట. మూతి వంకరపోతే చెవులు ఎర్రబడేదాకా లాగి తమ్మెలకు కూడా గుచ్చాలట. మనిషి మామూలుగా అయ్యాకే ఆస్పత్రికి తీసుకెళ్లాలట. చివర్లో ఎవరో చైనా ప్రొఫెసర్ ప్రస్తావన, పది మందికి పంపి పుణ్యం కట్టుకోమని విన్నపం.

వేళ్ల కొసలు గుచ్చి రక్తం తీసే పద్ధతి చైనా సంప్రదాయ వైద్యంలో నిజంగానే ఉంది. మెసేజ్‌ను నమ్మించేది ఆ కాస్త నిజమే. ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం ‘కదిలించొద్దు’ అన్న ముక్క. పక్షవాతంలో పోయే ప్రతి నిమిషానికీ ఖరీదు ఉంది, ఈ మెసేజ్ ఆ నిమిషాలనే తినేస్తుంది.

మన దగ్గర దీనికి తోడు సొంత సరుకూ తక్కువేం కాదు. గాలి సోకిందని మంత్రం వేయించడం, పావురం రక్తం పూయడం, ఫలానా ఊళ్లో పసరు పోస్తారని రాత్రికి రాత్రి కారు మాట్లాడటం. “దవాఖానకు పోతే పండబెడ్తరు బావా, ముందుగాల ఆడికి పోదాం” అనే పెద్దమనిషి నల్లగొండలో అయినా పాలమూరులో అయినా ప్రతి చుట్టరికంలో ఒకరుంటారు. ఒంట్లో సన్న సూదులు గుచ్చే చైనా వైద్యం ఆక్యుపంక్చర్‌ను మాత్రం ఈ వరసలో కట్టేయలేం. దాని మీద వందలాది పరిశోధనలు జరిగాయి, చైనాలో పెద్దపెద్ద ఆస్పత్రుల్లో స్ట్రోక్ (పక్షవాతం) రోగులకు రోజూ చేస్తున్నారు. అది పనిచేస్తుందా అని అడిగితే జవాబు చెప్పడం కష్టం. పక్షవాతం వచ్చిన ఎన్నో గంటకు, ఎన్నో నెలకు, దేనికోసం అని అడిగితే చాలావరకు చెప్పొచ్చు.

మొదటి గంటల లెక్క

స్ట్రోక్ రెండు రకాలు. మెదడులో రక్తనాళానికి గడ్డ అడ్డుపడటం ఒకటి, నాళం చిట్లి రక్తం కారడం రెండోది. మొదటిదే ఎక్కువ, పదింటిలో ఎనిమిది దాకా అదే. సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసినవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు. తూము పూడితే పొలం ఎండుతుంది, గట్టు తెగితే పొలం మునుగుతుంది. పంట రెండు విధాలా పోతుంది గానీ, చేయాల్సిన పని మాత్రం ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధం.

ఏ రకమో బయటి నుంచి చూసి చెప్పడం ఎంత పెద్ద డాక్టరుకైనా కష్టమే. రెండింట్లోనూ మూతి ఒక పక్కకు పోతుంది, చెయ్యి కాలు పడిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. సీటీ స్కాన్‌లో తేలాలి. గడ్డ అని తేలితే దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉంది. ఆల్టెప్లేజ్, టెనెక్టెప్లేజ్ అనేవి ఆ మందులు. మామూలుగా లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపు ఇవ్వాలి, ఎంత ముందిస్తే అంత మేలు. నాళం చిట్లిన మనిషికి అదే ఇంజెక్షన్ ఇస్తే ప్రాణం పోవచ్చు. ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ గోలీ చేతిలో పెట్టడం కూడా ఇందుకే తప్పు. పైగా మింగలేని స్థితిలో ఉన్నవాళ్లకు నోట్లో ఏం పోసినా, మంచినీళ్లయినా పసరయినా, ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తేవచ్చు.

పెద్ద నాళమే మూసుకుపోతే తొడ దగ్గర నుంచి సన్న గొట్టం పంపి గడ్డను బయటికి లాగే పద్ధతి వచ్చింది. 2015లో వరసగా వెలువడిన ట్రయల్స్‌తో, అంటే రోగుల మీద చేసిన పరీక్షలతో, అది స్థిరపడింది. 2018 తర్వాత, స్కానింగ్‌లో ఇంకా కాపాడగలిగిన మెదడు భాగం కనిపించిన కొందరికి 24 గంటల దాకా కూడా చేస్తున్నారు. పెద్ద నాళం మూసుకుపోయినప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని 2006లో వేసిన అంచనా ఒకటి ఉంది. వేళ్లు ఒక్కొక్కటే గుచ్చుకుంటూ పది నిమిషాలు కూర్చుంటే ఎంత పోతుందో లెక్క కట్టుకోండి.

ఈ 4.5 గంటలు మనకు ఎంత ఇరుకో చూడాలి. నల్లగొండ అయినా మహబూబ్‌నగర్ అయినా హైదరాబాద్‌కు దాదాపు 100 కిలోమీటర్లు. గద్వాల నుంచయితే 190 దాకా ఉంటుంది. అమ్రాబాద్ అడవి ఊళ్లలోనో, దేవరకొండ తండాల్లోనో మొదలైతే ముందు మెయిన్ రోడ్డు ఎక్కడానికే టైం పడుతుంది. ఇంకో మెలిక ఉంది. తెల్లవారి లేచేసరికి చెయ్యి పడిపోయి ఉంటే, గడియారం లేచినప్పటి నుంచి మొదలవదు. రాత్రి పడుకునే ముందు బాగున్నట్టు చూసిన చివరి క్షణం నుంచి లెక్క. అందుకే 108కి ఫోన్ చేసినా, ఆస్పత్రి గుమ్మం తొక్కినా ముందు చెప్పాల్సిన మాట ‘ఎన్ని గంటలదాకా మంచిగున్నడు’ అన్నదే. ఆ ఒక్క వివరం తెలియక ఇంజెక్షన్ ఇవ్వలేని పరిస్థితి వస్తుంది. ఎక్కించే ముందే ఏ ఆస్పత్రిలో సీటీతో పాటు ఈ ఇంజెక్షన్ ఇచ్చే డాక్టర్ ఉన్నారో కనుక్కుంటే, ఒకచోట దించి మళ్లీ ఇంకోచోటికి పరిగెత్తే తిప్పలు తప్పుతాయి.

ఈ దశలో ఆక్యుపంక్చర్‌కు చోటు లేదు. మూసుకుపోయిన నాళాన్ని చర్మంలో గుచ్చిన సూది తెరుస్తుందని చూపించిన ఆధారం లేదు. ‘మెదడుకు రక్తప్రసరణ పెంచుతుంది’ అని క్లినిక్ బోర్డుల మీద కనిపించే మాటకు మూలం ఎక్కువగా జంతువుల మీద చేసిన ప్రయోగాలు. ఎలుక మెదడులో రక్తప్రవాహం కొంత పెరగడం వేరు, మనిషి మెదడులో బిగుసుకున్న గడ్డ కరగడం వేరు.

ఆ సూది ఏమిటి, ఎక్కడ గుచ్చుతారు

ఆక్యుపంక్చర్ సూదికి రంధ్రం ఉండదు, అందులోంచి మందేదీ ఎక్కదు. మిల్లీమీటరులో పావు వంతు మందం, అంటే మామూలు ఇంజెక్షన్ సూదిలో సగం కూడా కాదు. గుచ్చాక వేళ్లతో మెల్లగా తిప్పుతారు, అక్కడ బరువుగా, లాగినట్టు, జిలజిలమన్నట్టు అనిపించాలి. 20 నుంచి 30 నిమిషాలు అలా ఉంచి తీసేస్తారు. సూదులకు వైర్లు తగిలించి సన్నటి కరెంటు ఇచ్చే పద్ధతీ ఉంది.

వైద్యం రెండు వేల ఏళ్ల నాటిదే గానీ, స్ట్రోక్‌కు ఇప్పుడు చేసే పద్ధతుల్లో చాలా భాగం నిన్నమొన్నటివి. 1970ల మొదట్లో చైనా షన్సీ రాష్ట్రంలో జియావో షున్ఫా అనే డాక్టరు, మెదడులో ఏ భాగం ఏ అవయవాన్ని కదిలిస్తుందో ఆధునిక వైద్యం గీసిన పటం చూసి, దానికి పైన ఉన్న నెత్తి చర్మంలో సూదులు గుచ్చే పద్ధతి తయారు చేశాడు. అదే కాలంలో, 1972లో, తియాంజిన్‌లో షీ షూయెమిన్ ఇంకో పద్ధతి తెచ్చారు. మణికట్టు మడతకు మూడు వేళ్ల పైన ఒక సూది, ముక్కుకూ పై పెదవికీ నడుమ ఒక సూది, కాలి లోపలి చీలమండకు నాలుగు వేళ్ల పైన ఒక సూది. ముక్కు కింది సూదిని కళ్లలో నీళ్లు తిరిగేదాకా పొడుస్తారు, కాలిది కాలు ఎగిరిపడేదాకా. చూసేవాళ్లకు కాస్త భయమేస్తుంది. పురాతన రహస్యం అని అమ్మే సరుకులో ఇంత కొత్తదనం ఉందని చాలామంది రోగులకు ఎవరూ చెప్పరు.

మన దేశానికి దీన్ని తెచ్చింది డాక్టర్ బిజయ్ కుమార్ బసు. 1938లో జపాన్‌తో యుద్ధంలో ఉన్న చైనాకు కాంగ్రెస్ పంపిన ఐదుగురు డాక్టర్ల బృందంలో డాక్టర్ కోట్నిస్‌తో పాటు వెళ్లినవారిలో ఆయన ఒకరు. తర్వాత 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టారు. అందుకే దీనికోసం ప్రత్యేక చట్టం 1996లోనే బెంగాల్‌లో వచ్చింది. ఇటు మన వైపు బోర్డు మీద ఒకే పేరు ఉన్నా లోపల కూర్చునేవాళ్లు ఒకే తీరు కాదు. ప్రకృతి వైద్యంలో ఐదున్నరేళ్ల బీఎన్‌వైఎస్ డిగ్రీ చేసినవాళ్లు ఉంటారు, కొన్ని నెలల సర్టిఫికెట్ కోర్సుతో మొదలుపెట్టినవాళ్లూ ఉంటారు.

సూది ఒంట్లో ఏం చేస్తుందన్న దానికి పాత గ్రంథాలు చెప్పేది ఒంట్లో ప్రాణశక్తి ప్రవహించే మార్గాల గురించి. శరీరాన్ని కోసి చూసినా స్కాన్ తీసి చూసినా ఆ మార్గాలు కనిపించలేదు. నాడుల పరంగా చెప్పే వివరణ నాకు ఎక్కువ నమ్మకంగా అనిపిస్తుంది. గుచ్చిన చోట కండరంలోని నాడులు ప్రేరణ పొంది వెన్నుపాముకు, మెదడుకు సంకేతాలు పంపుతాయి. సూది చుట్టూ అడినోసిన్ అనే నొప్పి తగ్గించే పదార్థం విడుదలవుతుందని 2010లో ఎలుకల మీద చూపించారు. నొప్పి విషయంలో ఇది అర్థమయ్యే సంగతే. పడిపోయిన చెయ్యి లేవడం దగ్గరికి వచ్చేసరికి ఈ వివరణ అంత దూరం సాగదు.

పరిశోధనలు ఎందుకు ఒక మాట మీద ఉండవు

స్వీడన్‌లో జరిగిన రెండు ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూస్తే అసలు చిక్కు తెలుస్తుంది. 1993లో లుండ్ నగరంలో 78 మంది స్ట్రోక్ రోగుల మీద ఒకటి చేశారు. అందరికీ మామూలు ఫిజియోథెరపీ, సగం మందికి అదనంగా ఆక్యుపంక్చర్. సూదులు వేయించుకున్నవాళ్లు బాగా కోలుకున్నారు, నడక మెరుగైంది, ఇళ్లకూ తొందరగా వెళ్లారు. ప్రపంచమంతా ఆశగా చూసింది. అయితే ఒక లోపం ఉంది. సూదుల గ్రూపు వాళ్లకు వారానికి కొన్నిసార్లు ఒక మనిషి వచ్చి అరగంట పాటు పక్కన కూర్చున్నాడు, చెయ్యి ముట్టుకున్నాడు, మాట్లాడాడు. రెండో గ్రూపుకు ఆ భాగ్యం లేదు. మేలు చేసింది సూదా, మనిషా?

అది తేల్చడానికి స్వీడన్‌లోనే కొన్ని ఆస్పత్రులు కలిసి 150 మందితో మళ్లీ చేశాయి. ఈసారి మూడు గ్రూపులు: ఒకరికి ఆక్యుపంక్చర్, ఒకరికి కండరం కదిలేంత కరెంటు ప్రేరణ, ఇంకొకరికి తెలిసీ తెలియనంత నామమాత్రపు కరెంటు. మూడు గ్రూపులకూ మనిషి వచ్చాడు, కూర్చున్నాడు. 2001లో ఫలితం వచ్చింది: కోలుకోవడంలో తేడా లేదు.

చైనా నుంచి వచ్చిన పరిశోధనల కథ ఇంకో రకం. 1998లో ఆండ్రూ విక్కర్స్ అనే పరిశోధకుడి బృందం దేశాలవారీగా చూస్తే, ఆక్యుపంక్చర్‌ను వేరే దానితో పోల్చిన చైనా ట్రయల్స్ అన్నీ అనుకూల ఫలితమే ఇచ్చాయి. ప్రతి ఒక్కటీ. ఏ వైద్యానికైనా అప్పుడప్పుడూ ఓటమి ఉండాలి కదా. ఓడిన ట్రయల్స్ అచ్చుకెక్కడం లేదన్న అనుమానం అప్పటి నుంచి ఉంది. ఆక్యుపంక్చర్‌లో ఇంకో సహజమైన ఇబ్బంది కూడా ఉంది. గోలీ అయితే ఉత్తుత్తి గోలీ ఇచ్చి పోల్చవచ్చు. సూది గుచ్చేవాడికి తాను గుచ్చుతున్నది అసలుదో కాదో తెలియకుండా ఎలా చేస్తారు? గుచ్చినట్టే ఉండి పిడిలోకి ముడుచుకుపోయే మొద్దు సూదులు వచ్చాయి గానీ, గుచ్చేవాళ్ల చేతికి ఆ తేడా తెలిసిపోతుంది.

ఇవన్నీ కలిపి తూకం వేసే కోక్రేన్ సంస్థ, స్ట్రోక్ తర్వాతి పునరావాసంలో ఆక్యుపంక్చర్ మీద 31 ట్రయల్స్, 2257 మంది రోగుల వివరాలు 2016లో పరిశీలించింది. కొన్ని విషయాల్లో ప్రయోజనం ఉండవచ్చు, పెద్ద దుష్ఫలితాలు కనిపించలేదు, కానీ చాలా ట్రయల్స్ నాణ్యత తక్కువ, అందరికీ మామూలుగా వాడమని చెప్పేంత ఆధారం లేదు అన్నది దాని తీర్పు. స్ట్రోక్ వచ్చిన తొలి రోజుల్లో ఆక్యుపంక్చర్ మీద 2018లో 33 ట్రయల్స్ చూసినప్పుడూ మాట పెద్దగా మారలేదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016 మార్గదర్శకాలు ఇంకాస్త విడదీసి చెప్పాయి. రోజువారీ పనులు, చెయ్యి కదలిక మెరుగవడం కోసమైతే సిఫార్సు చేయడం లేదు. మింగడంలో ఇబ్బందికి ఇతర చికిత్సతో పాటు అదనంగా ఆలోచించవచ్చు. భుజం నొప్పికి ఉపయోగం ఎంతో స్పష్టంగా లేదు.

మరి బాగయినవాళ్ల మాటేమిటి?

‘మా చిన్నాయనకు నెల రోజులు సూదులు వేయిస్తే లేచి నడిచిండు’ అనే మాట అబద్ధం కానక్కర్లేదు. స్ట్రోక్ తర్వాత మెదడు తనంతట తానే కొంత సర్దుకుంటుంది. వాపు తగ్గుతుంది, చావకుండా సొమ్మసిల్లిన కణాలు తేరుకుంటాయి, పక్క భాగాలు కొన్ని పనులు అందుకుంటాయి. ఈ కోలుకోవడం మొదటి మూడు నెలల్లో అన్నిటికన్నా వేగంగా ఉంటుంది, ఆరు నెలల దాకా బాగా కనిపిస్తుంది. ఆ మూడు నెలల్లో రోగి పసరు తాగితే పసరుకు, మొక్కు తీరిస్తే దేవుడికి, సూదులు వేయించుకుంటే సూదులకు పేరొస్తుంది. ఏడాది దాటాక వెళ్లినవాళ్ల అనుభవాలు ఎందుకో అంతగా ప్రచారంలోకి రావు.

పైగా పక్షవాతం అని పేరుపడ్డ ప్రతిదీ పక్షవాతం కాదు. మూతి ఒక్కటే వంకరపోయి, ఆ పక్క కన్ను మూతపడక, నుదురు ముడతలు పడకపోతే అది చాలాసార్లు బెల్స్ పాల్సీ అనే ముఖ నరం జబ్బు. మూడు రోజుల్లోపు స్టెరాయిడ్ గోలీలు మొదలుపెడితే మేలు, ఏమీ చేయకపోయినా ఎక్కువమందికి వారాల్లో, నెలల్లో తగ్గిపోతుంది. ‘మూతి వంకర తిప్పేశాడు’ అని పేరు తెచ్చుకున్న వైద్యుల్లో చాలామందికి ఈ జబ్బే పెట్టుబడి. షుగర్ గోలీ వేసుకుని తిండి తినకపోతే షుగర్ పడిపోయి అచ్చం స్ట్రోక్‌లాగే ఒక పక్క బలహీనపడవచ్చు, గ్లూకోజ్ ఎక్కితే నిమిషాల్లో లేస్తారు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు గట్టిపడ్డ పాతతరం వాళ్లలో వెన్నుపూసలు నొక్కుకుని కాళ్లు బిగుసుకుపోవడం ఉంది. అది మెదడు జబ్బు కాదు, వెన్నుపాము మీద ఒత్తిడి, దాని దారి వేరు.

అన్నిటికన్నా మోసం చేసేది, వచ్చి పోయే చిన్న స్ట్రోక్. చెయ్యి తిమ్మిరెక్కుతుంది, మాట తడబడుతుంది, అరగంటలో అంతా మామూలే. డాక్టర్లు దీన్ని టీఐఏ అంటారు. ఆ అరగంటలో వేళ్లు గుచ్చితే వాట్సాప్ మెసేజ్ గెలిచినట్టే ఉంటుంది. నిజానికి వచ్చే రెండు రోజుల్లో అసలు స్ట్రోక్ పడే ముప్పు బాగా ఎక్కువ. తగ్గిపోయింది కదా అని ఇంట్లో కూర్చోకుండా ఆ రోజే ఆస్పత్రిలో చూపించుకోవాలి.

తల తిరిగితే ‘మెదడుకు రక్తం సరిగా పోవట్లేదు’ అని చెప్పి సూదుల కోర్సు రాసేవాళ్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. తల తిరగడానికి లోచెవి సమస్యే ఎక్కువసార్లు కారణం, తల కొన్ని దిక్కులకు తిప్పించే వ్యాయామంతో తగ్గేది అందులో ఉంది. స్ట్రోక్‌ల వల్ల వచ్చే మతిమరుపుకు ఆక్యుపంక్చర్ పనిచేస్తుందా అని కోక్రేన్ వెతికితే లెక్కలోకి తీసుకునే స్థాయి ట్రయల్ ఒక్కటీ దొరకలేదు.

డిశ్చార్జ్ తర్వాత

అయినా జనం సూదుల దగ్గరికి వెళ్తారు, వెళ్లడానికి బలమైన కారణం ఉంది. ఆస్పత్రిలో డిశ్చార్జ్ చీటీ మీద ‘ఫిజియోథెరపీ చేయించండి’ అని ఒక లైను రాసి పంపిస్తారు. ఎక్కడ చేయించాలి? కొల్లాపూర్ దగ్గర పల్లెలో ఉన్న మనిషిని రోజూ ఆటోలో వేసుకుని పట్నానికి ఎవరు తిప్పుతారు? కొడుకు పుణెలోనో ముంబైలోనో పనిలో ఉంటాడు, ఇంట్లో కోడలు, ముసలామె. పది రోజులు చూసి మానేస్తారు. అప్పుడు ఎవరో ఒకరు నమ్మకంగా కూర్చోబెట్టి అరగంట చెయ్యి పట్టుకుని సూదులు వేస్తే అక్కడికి వెళ్లకుండా ఎలా ఉంటారు? నా ఉద్దేశంలో ఆక్యుపంక్చర్‌కు గిరాకీ తెస్తున్నది దాని గొప్పతనం కన్నా మన పునరావాస సేవల కరువే.

ఈ దశలో అది ఎక్కడ కొంత పనికిరావచ్చో ఒక ఉదాహరణ చెప్తాను. పడిపోయిన చెయ్యి ఉన్నవాళ్లను మంచం మీంచి లేపేటప్పుడు ఇంట్లోవాళ్లు తెలియక ఆ చేతినే పట్టి గుంజుతారు, లేదా చంకలో చెయ్యి వేసి ఎత్తుతారు. పట్టులేని భుజం కీలు జారుతుంది. కొన్ని వారాలకు భుజం తాకనివ్వనంత నొప్పి. నొప్పి వల్ల వ్యాయామం ఆగుతుంది, వ్యాయామం ఆగితే చెయ్యి బిగుసుకుంటుంది. అక్కడ సూదులు నొప్పిని కాస్త తగ్గించి మనిషిని మళ్లీ వ్యాయామానికి తెస్తే, చెయ్యి కదలిక తెచ్చేది వ్యాయామమే అయినా, సూదుల ఖర్చు వృథా కాదు. భుజాన్ని గుంజకుండా, నడుము దగ్గర పట్టి లేపడం నేర్చుకుంటే ఆ నొప్పి చాలామందికి మొదట్లోనే రాదు, అది వేరే సంగతి.

వెళ్లాలని నిర్ణయించుకుంటే ప్యాకెట్ మన కళ్ల ముందు చింపి, ఒక్కసారి వాడి పారేసే సూదులేనా చూడండి. హెపటైటిస్ బి, సి ఒక సూది నుంచి ఇంకొకరికి పాకేవే. రక్తం పలచబడే గోలీలు వాడుతుంటే ముందే చెప్పండి, కమిలిపోవడం ఎక్కువగా ఉంటుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు కరెంటు సూదులు వద్దు. షుగర్‌తో స్పర్శ పోయిన పాదంలో గుచ్చనివ్వొద్దు, పుండు పడితే మానదు. ఛాతీ, వీపు పైభాగంలో లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లుపడ్డ సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. మెడ పట్టి టక్కున తిప్పుతామంటే అసలే ఒప్పుకోవద్దు. మెడలోని రక్తనాళం లోపలి పొర చీలి కొత్త స్ట్రోక్ వచ్చే ప్రమాదం ఉంది.

సూదులు వేసే మనిషి “ఇక ఆ ఇంగ్లిష్ మందులు ఆపేయండి” అంటే ఆ రోజే లేచి వచ్చేయండి. స్ట్రోక్ వచ్చిన ప్రతి నలుగురిలో సుమారు ఒకరికి అది అంతకుముందు ఒకసారి వచ్చి ఉన్నదే. రెండోది రాకుండా కాపలా కాసేవి బీపీ గోలీ, అవసరమైనవాళ్లకు రక్తం పలచబరిచే గోలీ, కొవ్వు తగ్గించే గోలీ. బీపీ నార్మల్‌కు వచ్చిందంటే గోలీ పనిచేస్తోందని అర్థం, ఇక అక్కర్లేదని కాదు. నెలకు సరిపడా గోలీలు తెచ్చుకుని, వలస పోయేటప్పుడు వాటినీ సంచిలో పెట్టుకుని, అక్కడ అయిపోతే చీటీ చూపించి మళ్లీ కొనుక్కోవాలి.